వకాల్తా లేని మాట

కుటుంబ న్యాయస్థానాల చట్టం, 1984లో 13వ సెక్షన్ చాలా చిన్నది. ఫ్యామిలీ కోర్టులో కేసు వేసినవారికి గానీ, ఎదుర్కొనేవారికి గానీ వకీలు ద్వారా వాదించుకోవడం హక్కు కాదని అది అంటుంది. న్యాయం కోసం అవసరమని తోస్తే కోర్టే ఒక న్యాయనిపుణుణ్ణి అమికస్ క్యూరీగా, అంటే తనకు సాయంగా, పిలుచుకోవచ్చునని ఆ వెంటనే కొంత సడలింపు ఇస్తుంది. అరెస్టయిన మనిషికి తనకు నచ్చిన న్యాయవాదిని పెట్టుకునే హక్కును రాజ్యాంగం 22వ అధికరణంలో ఇచ్చింది. మనోవర్తి అడిగే భార్యకు, బిడ్డను చూడనివ్వమని అడిగే తండ్రికి అలాంటి హక్కును ఈ చట్టం కావాలనే ఇవ్వలేదు. కాపురం గురించి, విడిపోవడం గురించి ఎవరి మాట వాళ్లే చెప్పుకోవాలన్న నమ్మకం దీని వెనుక ఉంది. ఆ నమ్మకం న్యాయశాస్త్రంలో కంటే ధర్మశాస్త్రంలోనూ తర్కశాస్త్రంలోనూ ఎక్కువ లోతుగా చర్చకు వచ్చింది.

ఇక్కడొక యాదృచ్ఛికం చెప్పుకోవచ్చు. 1955 హిందూ వివాహ చట్టంలో విడాకులకు కారణాలు చెప్పేది 13వ సెక్షనే. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో బిడ్డ మేలే అన్నిటికన్నా ముఖ్యమని చెప్పేదీ 13వ సెక్షనే. ఫ్యామిలీ కోర్టు వరండాలో నిలబడిన మనిషి తెలిసో తెలియకో ఈ మూడు పదమూళ్ల మధ్యనే ఉంటాడు.

ఫ్యామిలీ కోర్టుల చట్టం ఒక్కరోజులో పుట్టలేదు. కుటుంబ తగాదాలను మామూలు సివిల్ దావాల్లా నడపకూడదని, పద్ధతే పూర్తిగా మారాలని లా కమిషన్ 1974లో తన 59వ నివేదికలో చెప్పింది. 1976లో సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు ఆర్డర్ 32-ఎ చేర్చి, కుటుంబ వ్యవహారాల్లో రాజీకి ప్రయత్నించే బాధ్యతను కోర్టులకు అప్పగించారు. దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. స్థలం దావా, బాకీ దావా విన్న చెవులతోనే జడ్జీలు కాపురం కేసూ విన్నారు. అందుకే 1984లో వేరే కోర్టులే కావాలన్నారు. కొత్త చట్టంలో 9వ సెక్షన్ ముందు రాజీకి ప్రయత్నించమంటుంది. 10వ సెక్షన్ అవసరమైతే సొంత విచారణ పద్ధతి ఏర్పరచుకోమంటుంది. రాజీ కుదర్చడానికి, లేదా ఒకరు చెప్పి మరొకరు కాదన్న విషయాల్లో నిజం ఏమిటో తేల్చడానికి ఆ వెసులుబాటు. కోర్టు చట్టాల్లో రుజువు, భారం, అంగీకారం లాంటి మాటలు అడుగడుగునా కనిపిస్తాయి. నిజం తేల్చడమన్న మాట అంత సూటిగా పడడం అరుదు.

ఈ దృష్టికి సరిపోయే విభజన న్యాయదర్శనంలో ఉంది. గౌతముడి న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి. సత్యం తెలుసుకోవాలన్న కోరికతో ఇద్దరు మాట్లాడుకుంటే అది వాదం. గురుశిష్యుల మధ్య, సహాధ్యాయుల మధ్య జరిగేది అదే. గెలవడమే పనిగా పెట్టుకుని ఛలంతోనో, వంకర సమాధానంతోనో ఎదుటివాణ్ణి పడగొడితే అది జల్పం. తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడి మాటను చెడగొట్టడమే అయితే అది వితండ. తెలుగులో వితండవాదం అన్న మాట ఇంటింటా బతికే ఉంది; జల్పం మాత్రం పండితుల దగ్గరే ఆగిపోయింది. ఛలానికి వాత్స్యాయనుడి భాష్యంలో ఉన్న ఉదాహరణ తర్కం చదివినవాళ్లందరికీ తెలుసు. ఒకడు నవకంబలం కప్పుకున్నాడని, కొత్త కంబళి అన్న అర్థంలో అంటే, ఎదుటివాడు తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయని నిలదీస్తాడు. క్రాస్ ఎగ్జామినేషన్ విన్నవాళ్లకు ఈ కంబళి కొత్తగా అనిపించదు.

1984 చట్టం లెక్కలో వకీలు జల్పానికి ప్రతినిధి. అతను పక్కకు తప్పుకుంటే మిగిలే ఇద్దరి మధ్య వాదం మొదలవుతుందని ఆశ. ఆ ఆశలో సగం నిజం ఉంది. వృత్తిగా వాదించేవాడికి తన పార్టీ గెలుపు మీద ధ్యాస ఉండడం తప్పు కాదు, అది అతని ధర్మమే. కానీ జల్పం నల్లకోటుతో పుట్టలేదు. పదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు ఎదుటివాళ్ల మర్మస్థానాలు ఏ వకీలుకూ తెలియనంత బాగా తెలుసు. మనసు విరిగినవాళ్లు తమ పక్షం చెప్పుకోవడం మానేసి ఎదుటివారి మాటను తుంచడానికే దిగితే, వకీలు లేని కోర్టు వాదం నుంచి జల్పాన్ని కూడా దాటి నేరుగా వితండకు చేరుతుంది.

ధర్మశాస్త్రకారులకు ఈ చిక్కు తెలుసు. వ్యవహారానికి వాళ్లు నాలుగు పాదాలు చెప్పారు: వాది చెప్పుకునే భాష, ప్రతివాది ఇచ్చే ఉత్తరం, రుజువు చూపే క్రియ, చివరికి నిర్ణయం. పదమూడో శతాబ్దంలో మూలఘటిక కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చినప్పుడు ఈ వ్యవహారకాండ తెలుగువాళ్ల చేతికి వచ్చింది. ఇతరుల తరఫున మాట్లాడడం మీద నారదస్మృతి గట్టి గీత గీసింది. అన్నదమ్ముడూ తండ్రీ కొడుకూ కాకుండా, పార్టీ నియమించినవాడూ కాకుండా, మరొకరి కోసం వాదానికి దిగినవాడు శిక్షార్హుడు. నియమించిన మనిషి మాత్రం మాట్లాడవచ్చు. అతని గెలుపోటములు నియమించినవాడివే. మహాపాతకాల్లాంటి తీవ్రమైన నిందల్లో ఆ సౌకర్యం కూడా లేదు, నింద పడ్డవాడే వచ్చి జవాబు చెప్పాలి. బరువు పెరిగే కొద్దీ సొంత నోరు తప్పనిసరి అవుతుందన్నది అప్పటి లెక్క. ఇప్పటి లెక్క తలకిందులు: నేరం ఎంత పెద్దదైతే వకీలు అంత తప్పనిసరి.

భార్యాభర్తల తగవు దగ్గర స్మృతులు ఇంకా తటపటాయించాయి. మనువు చెప్పిన పద్దెనిమిది వివాదపదాల్లో స్త్రీపుంధర్మం ఒకటి. అంటే అది రాజు ముందుకు వచ్చే విషయమే. మరోవైపు గురుశిష్యులు, తండ్రీకొడుకులు, దంపతులు, యజమాని సేవకులు పరస్పరం వేసుకునే వ్యవహారం చెల్లదన్న స్మృతివాక్యమూ ఉంది. మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు దాన్ని అక్షరాలా తీసుకోలేదు. కరువులోనో రోగంలోనో కాకుండా భర్త స్త్రీధనం వాడేసుకుని తిరిగి ఇవ్వకపోతే భార్య ఎక్కడికి వెళ్లాలి? కాబట్టి ఇలాంటి తగవుకు దిగడం మంచిది కాదని రాజు మొదట నచ్చజెప్పాలి, అప్పటికీ వాళ్లు పట్టు విడవకపోతే విచారణ జరపాలి అని ఆయన సమన్వయం చేశాడు. ఫ్యామిలీ కోర్టులో కౌన్సెలింగ్‌కు పంపి, అది కుదరకపోతే కేసు నడిపే 9వ సెక్షన్ వరస కూడా ఇదే. చట్టం రాసినవాళ్లు మితాక్షర ముందు పెట్టుకుని రాశారని కాదు. ఒకే చిక్కు ముందు నిలబడితే మనుషులు ఒకే దారి పట్టారు.

తన కాపురం కేసు తానే వాదించుకున్న మనిషి పురాణాల్లో ఎవరని అడిగితే శకుంతల పేరు మొదట రావాలి. నన్నయ ఆదిపర్వంలో ఆమె కొడుకును వెంటబెట్టుకుని దుష్యంతుడి సభకు వస్తుంది. గాంధర్వవివాహం కణ్వాశ్రమంలో జరిగింది, సాక్షులు లేరు. తన కొడుక్కే యువరాజపదవి అన్న ఒప్పందమూ ఇద్దరి మధ్య మాటే. పైగా ప్రతివాది, న్యాయాధిపతి ఒక్కడే. అతను నిన్నెరగనంటాడు. ఆమె సూర్యచంద్రులను, పంచభూతాలను, యముణ్ణి, మనిషి హృదయాన్ని సాక్షులుగా పిలుస్తుంది. కొడుకంటే ఏమిటో, భార్యంటే ఏమిటో, సత్యం బరువెంతో చెబుతుంది. ఆ సత్యవాక్యం మీద నన్నయ చెప్పిన పద్యం తెలుగు బడిపిల్లలకు కూడా తెలుసు. వ్యాసుడి మూలంలో దుష్యంతుడు ఆమె తల్లి మేనకను ఎత్తిపొడుస్తాడు, ఆమె అంతే ఘాటుగా తిప్పికొడుతుంది. ఇప్పటి కోర్టు భాషలో ఆ భాగమంతా విషయాంతరం, రికార్డుకు ఎక్కదు. ఒక విశేషం మాత్రం గమనించాలి. ఆమె చెప్పినదంతా నిజమేనని ప్రతివాదికి మొదటి నుంచీ తెలుసు. ఆకాశవాణి పలికాక అతనే ఒప్పుకుంటాడు: నాకు తెలుసు, కానీ నీ మాట మీదనే స్వీకరిస్తే లోకం అనుమానించేది అని.

అంటే శకుంతల మాట్లాడడంలో తప్పలేదు, వాదం పండింది, నిజం వినేవాడి మనసుకు చేరింది. తీర్పుకు మాత్రం అది చాలలేదు. నిజం వేరు, నలుగురి ముందు నిలబడే ప్రమాణం వేరు. వకీలు లేకుండా కోర్టుకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది దెబ్బతినేది ఈ రెంటికీ తేడా లేదనుకోవడం వల్లే.

కాళిదాసు ఇదే కథను నాటకంగా మార్చినప్పుడు శకుంతల మాట తగ్గిపోయింది. ఐదో అంకంలో కణ్వుడి సందేశం వినిపించేది శార్ఙ్గరవుడు. రాజును నిలదీసేదీ అతనే. ముసుగు తీయించేది గౌతమి. శకుంతల స్వయంగా నోరు విప్పి ఉంగరం చూపబోతే అది వేలికి లేదు. కాళిదాసు ఆమెకు ప్రతినిధులనూ, ఒక ఎగ్జిబిట్‌నూ ఇచ్చాడు. ప్రతినిధులు కోపగించుకుని వెళ్లిపోయారు, ఎగ్జిబిట్ చేప కడుపులో ఉంది. నాటకం అందమైనదే, సందేహం లేదు. కానీ ధర్మప్రశ్న నిలిచింది ఆదిపర్వంలోని శకుంతల దగ్గర.

ఇతర మతగ్రంథాల్లోనూ ఇలా నిలబడ్డ మనుషులున్నారు. ఖురాన్ 58వ సూరా పేరు అల్ ముజాదలా. వాదించిన స్త్రీ అని దాని అర్థం. భర్త ఔస్ తనను తల్లితో పోల్చి దూరం పెట్టడాన్ని ఖౌలా బిన్త్ సాలబా ప్రవక్త ముందుకు తెచ్చి తానే వాదించింది, ఆ తలాకు పద్ధతిని ఖండిస్తూ ఆయతులు దిగాయని సంప్రదాయం. బైబిలు సంఖ్యాకాండంలో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు గుడారం ద్వారం దగ్గర మోషే ముందు నిలబడి, కొడుకులు లేని తండ్రి భూమి తమకు రావాలని అడిగారు. ఈ రెండు చోట్లా అడిగిన మనిషికి న్యాయం జరగడంతో ఆగలేదు, నియమమే మారింది. అయితే అక్కడ వినేవాడు నియమాన్ని మార్చగలవాడు, మార్చడానికి సిద్ధంగా ఉన్నవాడు. వాయిదాకు వచ్చే మనిషికి దొరికే జడ్జి నియమం లోపల పనిచేసేవాడు.

ఆ నియమం లోపల పని ఎలా జరుగుతుందో చూస్తే సొంతవాదం బరువు తెలుస్తుంది. పిటిషన్‌లో రాయని సంగతిని తరవాత సాక్ష్యంలో ఎంత గట్టిగా చెప్పినా కోర్టు పక్కన పెడుతుంది. ఎదుటివారు పిటిషన్‌లో ఆరోపించిన విషయాన్ని కౌంటర్‌లో స్పష్టంగా కాదనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క కట్టవచ్చు. చీఫ్ ఎగ్జామినేషన్ అఫిడవిట్‌గా దాఖలవుతుంది. కాగితాలు ఎగ్జిబిట్లుగా మార్కింగ్ కావాలి. శుభలేఖ, పెళ్లి ఫొటో, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆస్పత్రి చీటీ సంచిలో ఉన్నాయంటే సాక్ష్యంలో ఉన్నట్టు కాదు. ఫ్యామిలీ కోర్టుకు మాత్రం 14వ సెక్షన్ కొంత స్వేచ్ఛ ఇచ్చింది. సాక్ష్య చట్టం కింద చెల్లినా చెల్లకపోయినా, వివాదం తేల్చడానికి పనికొస్తుందనుకుంటే ఏ నివేదికనైనా, ఏ పత్రాన్నైనా కోర్టు తీసుకోవచ్చు. 15వ సెక్షన్ ప్రకారం సాక్షి చెప్పిన ప్రతి మాటా రాయనక్కర్లేదు, సారాంశం రాస్తే చాలు. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌లో చెప్పి తీరాలని రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు 2020లో నిర్దేశించింది. వకీలు లేనివాళ్లకు ఇది చాలా పెద్ద ఆసరా. ఎదుటివారి జీతం ఎంతో రాబట్టే నేర్పు అందరికీ ఉండదు.

అన్నిటికన్నా కష్టమైనది క్రాస్. సొంతంగా వాదించే భర్త బోనులో ఉన్న భార్యను తానే ప్రశ్నించాలి, లేదా భార్య భర్తను. ప్రశ్న అడగాల్సిన చోట మనిషి వాపోతాడు. ఆ రోజు మీ అమ్మ అన్న మాట నీకు గుర్తుందా అని మొదలుపెట్టి, జవాబు రాకముందే తన జవాబు తానే చెప్పేస్తాడు. జడ్జి ప్రశ్న అడగండి అంటాడు. అతనికి తాను అడిగింది ప్రశ్నే అనిపిస్తుంది. అడగాల్సిన కీలకమైన ప్రశ్న అడగకుండా వదిలేస్తే ఆ విషయం ఒప్పుకున్నట్టు అవుతుందని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి. ఒకటి పండు తింటుంది, ఒకటి ఊరికే చూస్తుంది. పార్టీ ఇన్ పర్సన్‌గా నిలబడ్డ మనిషి ఆ రెండు పక్షులూ తానే కావాలి. పండు చేదు నోట్లో ఉండగానే చూసే పక్షిలా మాట్లాడాలి. వేదాంతులు ఏళ్ల తరబడి సాధన చేసే సాక్షిభావాన్ని ఫ్యామిలీ కోర్టు పదిన్నరకు కేసు పిలిచే సరికి సిద్ధం చేసుకోమంటుంది. ఈ ఒక్క విషయంలో చట్టం ఆశ కాస్త అతిగా ఉందనక తప్పదు. విచారణ గోప్యంగా జరపాలని పార్టీల్లో ఒకరు కోరినా 11వ సెక్షన్ ప్రకారం కోర్టు జరపాలి. ఈ ఇబ్బందికి అది కాస్త ఉపశమనం.

పని ఇప్పుడు జడ్జి మీద పడుతుంది. ఒకవైపు వకీలు, మరోవైపు వకీలు లేని మనిషి ఉంటే, లేనివారికి దారి చూపడం పక్షపాతమా? మామూలు సివిల్ కోర్టులో జడ్జి నిశ్శబ్దంగా వింటే అది తటస్థత. ఇక్కడ అదే నిశ్శబ్దం బలవంతుడికి అనుకూలం. ధర్మశాస్త్రంలో న్యాయాధికారి పేరు ప్రాడ్వివాకుడు. వాదిప్రతివాదులను అడిగేవాడు, అడిగి వివేచన చేసేవాడు అని వ్యుత్పత్తి. ఆ పేరు ఉన్నవాడు అడగడం పక్షపాతం కాదు, ఉద్యోగం. ఏ విషయం రుజువు కావాలో, ఏ కాగితం లేదో, ఏ ప్రశ్న మిగిలిందో ఇద్దరికీ వినబడేలా చెప్పడం వరకు అది నిలబడుతుంది. ఒకరి ప్రశ్నను తానే తయారు చేసి ఎదుటివారి మీద వేయడం మొదలైతే గీత దాటినట్టే. ఆ గీత దగ్గరే అమికస్ క్యూరీ అవసరం వస్తుంది. 13వ సెక్షన్‌లో ఆ సడలింపు ఊరికే పెట్టింది కాదు.

ఆచరణలో ఫ్యామిలీ కోర్టుల్లో వకీళ్లు కోర్టు అనుమతితో కనిపిస్తూనే ఉంటారు. 1961 అడ్వకేట్ల చట్టంలోని 30వ సెక్షన్ 2011 జూన్ 15 నుంచి అమల్లోకి వచ్చాక, ఏ కోర్టులోనైనా ప్రాక్టీసు చేసే హక్కు తమకుందన్న వాళ్ల వాదనకు బలం చేకూరింది. కాబట్టి ఇప్పుడు సొంతంగా వాదించడం చాలామందికి చట్టం పెట్టిన నిబంధన కాదు. కొందరికి ఎంపిక, ఎక్కువమందికి డబ్బు లేకపోవడం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. తన మాట తానే చెప్పుకోవాలన్న పట్టుదలతో నిలబడ్డవాడికి స్వధర్మం గురించి చెప్పవచ్చు. ఫీజు కట్టలేక నిలబడ్డవాడికి అదే చెప్పడం వేళాకోళం. ఉచిత న్యాయసహాయాన్ని రాజ్యాంగం 39-ఎ అధికరణం ఆదేశించింది. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ మహిళలకూ పిల్లలకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఆ అర్హత ఇచ్చింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ సాధారణంగా అదే కోర్టు ఆవరణలో ఉంటుంది. అక్కడికి నడిచి వెళ్లినవారి మాట అరువు మాట అయిపోదు. ప్రాచీన ఏథెన్సులో కక్షిదారులు తామే మాట్లాడాలన్నది ఆచారం, అయినా ప్రసంగాలు లైసియస్ లాంటివాళ్లు రాసిచ్చేవారు. నోరు ఒకరిది, కూర్పు మరొకరిది. ఫ్యామిలీ కోర్టుకు తామే వచ్చి, పిటిషన్ మాత్రం తెలిసినవాళ్లతో రాయించుకునేవాళ్లు ఈ పాత ఏర్పాటులోనే ఉన్నారు. సంగతి తమది, క్రమం తెలిసినవాళ్లది. న్యాయదర్శనం అడిగే వాదానికి ఇది అడ్డు కాదు.

సొంతవాదం అసలు పనిచేయని చోటు ఒకటుంది. కస్టడీ కేసులో తండ్రి తన మాట చెబుతాడు, తల్లి తన మాట చెబుతుంది. బిడ్డ పార్టీ కాదు. బిడ్డ కోసమే మాట్లాడుతున్నామని ఇద్దరూ అంటారు, ఇద్దరిలో ఏ ఒక్కరికీ బిడ్డ వకాల్తా ఇవ్వలేదు. నారదుడి గీత ఇక్కడ పూర్తిగా చెదిరిపోతుంది: తండ్రి అన్న హోదాతోనే అతనికి మాట్లాడే అర్హత వస్తుంది, కానీ అదే హోదా ఇక్కడ వివాదం. దుష్యంతుడి సభలో శకుంతల కొడుకు భరతుడు తల్లి పక్కనే నిలబడ్డాడు. అతని భవిష్యత్తు మీదే ఆ వ్యవహారమంతా నడిచింది, అయినా అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ ఆ లోటును కొంత పూడ్చింది. తెలివిగా ఇష్టం చెప్పగల వయసు వస్తే బిడ్డ ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చు. అందుకు జడ్జి బిడ్డను బోనులోకి పిలవడు. ఛాంబర్లోకి పిలిచి, తల్లిదండ్రులను బయటే ఉంచి, బడి గురించో స్నేహితుల గురించో మాట కలుపుతాడు. ఆ కాసేపు వకీళ్లూ, సొంతంగా వాదించుకునేవాళ్లూ వరండాలో ఒకే బెంచీ మీద కూర్చుని తలుపు వైపు చూస్తుంటారు.